భిక్షపతి ఇంటికొచ్చిన ఎపిసోడ్

మా అండాలత్త సెల్‌ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి చూస్తుంది. చేతిలో పట్టుకొని చూడటం ఆమెకు పడదు. చేతులున్నవి ఏదో ఒకటి ఒలవడానికో ఏరడానికో అని ఆమె నమ్మకం. మొన్న ఎండాకాలం సెలవుల్లో నేను మానుకోట నుంచి చిల్పూరు దగ్గరి మా ఊరికి పోయేసరికి, ఇంటి ముందటి సాయబాన్‌లో పీటేసుకొని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి లేచి, దర్వాజ లోపలున్న నీళ్ళ గోలెంలో చెంబు ముంచి తెచ్చి చేతికిచ్చింది. మా దిక్కు ఇంటికొచ్చిన మనిషికి ముందు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళివ్వాలి. కుశలాలు, కోపతాపాలు అన్నీ ఆ తర్వాతే. నీళ్ళిచ్చామంటే లోపలికి రమ్మన్నట్టు. ఇవ్వకపోతే ఏమన్నట్టో ఎవరూ నోటితో చెప్పనక్కరలేదు. నేను కారులో వచ్చినా, కాళ్ళకు మట్టి అంటకపోయినా మా అత్త నీళ్ళిస్తుంది, నేను కడుక్కుంటాను. అట్లా ఒక కాలు కడిగి రెండో కాలు మీద పోసుకుంటుండగా ఉప్పు డబ్బా దగ్గర నుంచి ఒక మగగొంతు వినబడింది. "నేను చెడ్డోన్నే. అయితే ఏంది?" అంటోంది. చెంబు నా చేతిలో అట్లనే ఆగిపోయింది. పదిహేనేండ్లయినా మరిచిపోని గొంతు అది.

"భిక్షపతి కదా అత్తా?"

"ఆఁ, ఆయనే. మొన్నొచ్చినప్పుడు నీ బిడ్డ పెట్టిచ్చి పోయింది. పాతయన్నీ ఉన్నయంట ఇందుల, మొదటి సంది. కరెంటు పోయి మనం చూడనియి గూడ ఉన్నయంట."

చివరి మాట ఆమె ఏమీ అనుకోకుండానే అంది. నేను మాత్రం చెంబును అరుగు మీద బోర్లించి, ఎంతవరకు వచ్చావని అడిగాను. భిక్షపతి బడి ముందు నిలబడటం మొదలైందని చెప్పింది. రోజుకు నాలుగైదు చూస్తుందట. లెక్కపెట్టుకున్నాను. ఇంకో రెండు రోజులకు అతను ఇంటికొచ్చే ఎపిసోడ్ దగ్గరికి చేరుకుంటుంది. ఒక్కపూట ఉండి పోదామని వచ్చినదాన్ని, సంచిలో బట్టలు లేకున్నా ఆ రెండు రోజులూ అక్కడే ఉండిపోయాను.

ఆ సీరియల్ పేరు ఇక్కడ రాయను, రాసినా గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. అప్పట్లో మాత్రం దీపాలు పెట్టేవేళకు మా ఊర్లో సగం ఊరు దానికోసమే వంట ముందుగా దించేది. కథంతా ఒక పెద్దింటిది. ఆ ఇంటికి అవసరమైన పాడు పనులన్నీ చేసిపెట్టే మనిషి భిక్షపతి. దొంగ సంతకాలు పెడతాడు, సాక్షుల్ని బెదిరిస్తాడు, కిరాయిదార్ల సామాను బయట పారేస్తాడు. పెండ్లాం జానకినీ చిన్న బిడ్డనూ ఒకనాడు చెప్పాపెట్టకుండా వదిలేసి వచ్చాడు, ఎందుకో ఎవరికీ చెప్పడు. అయితే వారానికొకసారి బిడ్డ చదివే బడి ఎదురుగా రోడ్డుకు ఆ పక్కన నిలబడి, గంట కొట్టగానే వెళ్ళిపోతాడు. ఇంకో సంగతి. అంత పెద్ద సీరియల్‌లో మా భాష మాట్లాడేది అతనొక్కడే. యజమానులు, వాళ్ళ కోడళ్ళు, చివరికి అతని పెండ్లాం కూడా పుస్తకంలోలాగా మాట్లాడేవాళ్ళు. ఏండ్ల తరబడి కాపురం చేసిన మొగుడూ పెండ్లాల్లో ఒకరి మాట ఒకరికి అంటకుండా ఎట్లా ఉందో రాసినవాళ్ళకే తెలియాలి.

మా ఇంట్లో టీవీ ముందటి అర్రలో ఉండేది. మేం చూసినంత సేపూ పని నడిచేది, ఎందుకంటే పని చేయకుండా టీవీ చూడటమంటే మా నాయినమ్మ లెక్కలో పాపం. వానాకాలం వెనకపడుతుండగా యాసంగి పంటకు విత్తనం పల్లికాయ ఒలవాలి. మిషన్‌లో వేస్తే గింజ పగులుతుంది, పగిలిన గింజ మొలవదు, కనుక చేతితోనే ఒలవాలి. అర్ర నిండా పొట్టు, మట్టివాసన, మా నాయినమ్మ నమిలే జరద వాసన, పొయ్యి మీద రొట్టె మాడుతున్న వాసన. నాయినమ్మ టీవీకి వీపు పెట్టి కూర్చునేది. దాని వెలుగుకు కండ్లలో నీళ్ళు కారుతాయని ఒక కారణం, ఎవరు గింజలు నోట్లో వేసుకుంటున్నారో చూడాలని అసలు కారణం. బొమ్మ చూడకుండా గొంతులు విని మాత్రమే ఆమె తీర్పులు చెప్పేది. మా అమ్మ వంటింటికీ అర్రకూ మధ్య తిరుగుతూ సగం సగం చూసేది, మిగతా సగం తనే ఊహించుకొని తృప్తిపడేది. పక్కనున్న లంబాడి తండా నుంచి ఒలవడానికి భూలి వచ్చి దర్వాజ అవతల సాయబాన్‌లో కూర్చొని, అక్కడి నుంచే చూస్తూ మా అందరికంటే వేగంగా ఒలిచేది. ఇక నేనూ, మా అత్తా. మా ఇద్దరికీ భిక్షపతి దగ్గర పడేది కాదు.

"ఈడెందుకు నిలబడ్డడే బడికాడ?" అనేది అత్త, సమాధానం తనకు తెలిసినట్టే.

"నిలబడమని రాసిండ్రు, నిలబడ్డడు. వారానికోసారి గింత జాలి సల్లకపోతే ఎవలు చూస్తరు? కూరల ఉప్పేసినట్టు."

"రాసినోడు ఏమనుకొని రాసిండో నాకెందుకు? నిలబడ్డది ఈడు గద. ఆ కండ్లు సూడు ఒకపారి."

"కండ్లు యాక్టరువి అత్తా. ఆయనెవరో బెజవాడ దిక్కాయన. షూటింగయినంక ఇంటికి పోయి బువ్వ తిని పంటడు."

"గందుకే నేనంటున్న," అని వెనక్కి తిరగకుండానే నాయినమ్మ అందుకునేది. "ఈడు మన దిక్కోడు గాదు. మన మాట కిరాయికి తెచ్చుకున్నడు. 'ఏంది' అన్నకాడ ఎట్ల సాగదీస్తుండో విను. మనం గట్ల సాగదీస్తమా?"

"అదే నాయినమ్మా నేను మొత్తుకునేది! ఇంటిల్లిపాది ఒక తీరు మాట్లాడుతరు, వీడొక్కడు మన తీరు. ఎందుకు? వీడు దొంగ గనుక. దొంగ అనంగనే వాళ్ళకు మనం యాదికొస్తం. వీనికి లోపల ఏం లేదు, ఉండాలని వాళ్ళు అనుకోలేదు."

అప్పుడు దర్వాజ అవతల నుంచి భూలి, చేతులు ఆపకుండా, "మీకు దొంగోడన్న ఉన్నడు బిడ్డా," అంది. "మా మాట మాట్లాడెటోడు ఆ డబ్బల దొంగ గూడ లేడు."

అందరం నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను. మా భాషను ఎవరు ఏ మూల కూర్చోబెట్టారని రోజూ లెక్చర్లిచ్చే నాకు, భూలి ఎప్పుడూ గడప అవతలే కూర్చుంటుందని, లోపలికి రమ్మని మేమెవరం ఎన్నడూ అనలేదని అప్పుడు తట్టలేదు. ఇప్పుడు తడుతోంది కనుక నేను మారిపోయానని కాదు. తట్టడం వేరు, మారడం వేరు.

మా అత్త భిక్షపతిని అంతగా ఎందుకు వెనకేసుకొస్తుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరమూ అనేవాళ్ళం కాదు. మా మామ ఒకనాడు పొద్దున యూరియా బస్తాలకని సైకిల్ మీద ఘన్‌పూర్ పోయి, సైకిల్‌ను దుకాణం ముందు తాళం వేసి పెట్టి, మనిషి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. కొట్లాట లేదు. ముందురోజు సాయంత్రం ఇద్దరూ కలిసి చిల్పూరు గుట్టకు పోయి, మనసులో బుగులు తీర్చే దేవుడని పేరున్న ఆ స్వామికి దండం పెట్టుకొని కూడా వచ్చారు. ఇంకో ఆడది ఉందని కొందరు, అడవికి పోయి అన్నల్లో కలిశాడని కొందరు, మా బాపుతో భూమి మీద మాటా మాటా వచ్చిందని కొందరు అన్నారు. మూడేండ్ల తర్వాత చిట్యాలలో ఉండే ఒక చుట్టం, భూపాలపల్లిలో బొగ్గుబాయి దగ్గర కాంట్రాక్టు పనిలో చూశానని కబురు తెచ్చాడు. ఒక్కడే ఉంటున్నాడట, ఎవరూ లేరట. ఆ కబురుతో అనుమానాలన్నీ పోయి, అనుమానమే లేకుండా మిగలడం మా అత్తకు ఇంకా కష్టమైంది. అప్పటికే ఆమె అమ్మగారింటికి, అంటే మా ఇంటికి వచ్చేసింది. ఎవరి ముందూ ఏడవలేదు. ఒకే ఒక్కసారి, నాకు జడ వేస్తూ, "పోతే పోయిండు. ఎందుకు పోయిండో చెప్పి పోతే అయిపోతుండె," అంది. జడ మామూలుకంటే బిగువుగా వేసింది, రెండు రోజులు తల నొచ్చింది.

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైనప్పుడు నేను జనగామలో బీఎడ్ చదువుతున్నాను. రెండో చదువు. మొదటి చదువు పెళ్ళి సంబంధాలు తప్పించుకోవడానికి సరిపోలేదు కనుక రెండోది. బస్సులు ఆగిపోయాయి, కాలేజీ మూతపడింది, రోడ్డు మీదే వంటలు, రోడ్డు మీదే ఆటాపాటా. బస్సుల్లేక రాలేకపోతున్నానని అప్పుడు ఇంట్లో చెప్పాను. నిజానికి ఎవరి బండి వెనక కూర్చున్నా గంటలో పోవచ్చు. సమ్మె టెంటు వదిలి పోబుద్ధి కాలేదు. నాకు అప్పటిదాకా పెండ్లిచూపుల్లో తప్ప నలుగురి ముందు మాట్లాడే వీలు దొరకలేదు. టెంటులో మైకు దొరికింది. బొగ్గు గనులు కూడా సమ్మెలోకి రావడంతో కరెంటు కోతలు పెరిగాయి. ఊర్లకు వంతులు వేశారు, మా ఊరి వంతు సరిగ్గా సీరియల్ వేళకు పడింది. తండాకూ అదే లైను, చుట్టుపక్కల నాలుగైదు ఊర్లకూ అదే. జనగామలో మాత్రం ఆ వేళకు కరెంటు ఉండేది. మా ఓనరమ్మ ఇంట్లో నేను చూసి, పొద్దున్నే అత్తకు ఫోన్ చేసి కథ చెప్పాలి. అత్త పల్లికాయ దగ్గర నాయినమ్మకూ అమ్మకూ భూలికీ చెప్తుంది, భూలి తండాకు తీసుకుపోతుంది. అట్లా కొన్నాళ్ళపాటు ఆ సీరియల్ మా దిక్కు జనానికి నా నోటి నుంచే పోయింది. మొదట్లో ఉన్నది ఉన్నట్టే చెప్పాను. తర్వాత నచ్చని పాత్రల్ని కొద్దిగా లావు చేసి, అత్తగార్ల మాటలకు కొద్దిగా పదును పెట్టడం మొదలైంది. వినేవాళ్ళు నవ్వుతున్నారని తెలిస్తే చెప్పేవాళ్ళ చేయి ఊరుకోదు. సీరియల్ రాసేవాళ్ళ నీతి గురించి అంత వాదించిన నాకు ఆ ముచ్చట వారం రోజుల్లోనే తెలిసొచ్చింది, ఒప్పుకోవడానికే ఇన్నేండ్లు పట్టింది.

అదే రోజుల్లో చిట్యాల చుట్టం మళ్ళీ కబురు తెచ్చాడు. బాయి బందయింది, చేతిలో పని లేదు, అండాలును ఒకసారి చూసిపోతానంటున్నాడని. మా బాపు గడప తొక్కనియ్యనన్నాడు. నాయినమ్మ, "వచ్చెటోన్ని రానియ్యి. నీళ్ళిచ్చుడా ఇయ్యకపోవుడా అది అండాలు ఇష్టం, నీది గాదు," అని కొడుకు నోరు మూయించింది. ఈ సంగతి నాకు అమ్మ ఫోన్‌లో చెప్పింది. అత్త నాతో ఒక్క ముక్క అనలేదు. రోజూ పొద్దున ఫోన్‌లో మాత్రం, అత్తాకోడళ్ళ గొడవలన్నీ సగంలో ఆపించి, "గదంత ఇడిసిపెట్టు. భిక్షపతి ఇంటికి పోయిండా లేదా?" అని అడిగేది. కథ అప్పటికి అటే తిరుగుతోంది, అతను ఇంటి వీధి చివరిదాకా వచ్చి వెనక్కి పోతున్నాడు. ఆమె అడుగుతున్నది ఎవరి గురించో నాకు తెలుసు. తెలియదని ఇక్కడ రాసుకోవచ్చు, ఎవరూ పట్టుకోలేరు. కానీ తెలుసు.

ఒకనాడు మధ్యాహ్నం టెంటులో నేను మాట్లాడాను. టీవీలోనూ సినిమాల్లోనూ మా భాషకు ఏ వేషం ఇస్తారో చెప్పాను. రౌడీ మనమే, తాగుబోతు మనమే, నవ్వించే పనిమనిషి మనమే. భిక్షపతిని ఉదాహరణగా తీసుకొని, వీడికి మనసు ఎందుకు లేదంటే, మన మాట మాట్లాడేవాడికి మనసుంటుందని రాసేవాడికి తోచదు కనుక అన్నాను. చప్పట్లు చాలాసేపు మోగాయి. ఒక ముసలాయన వచ్చి నా తల మీద చేయి పెట్టి పోయాడు. ఆ చప్పట్లు చెవుల్లో పెట్టుకొని సాయంత్రం ఓనరమ్మ ఇంట్లో కూర్చున్నాను. ఆ రోజే భిక్షపతి ఇంటికొచ్చాడు.

జానకి దర్వాజలో నిలబడింది. అతను కింద, వానలో. ఆ అర్ధగంటా ఇంకేమీ లేదు, అతను మాట్లాడటమే. రెండో బిడ్డ పుట్టి, పురిట్లోనే జ్వరమొచ్చిందట. ఆ సాయంత్రం దవాఖానకు తీసుకుపొమ్మని జానకి అంటే, యజమాని పనుందని పోయాడట. వచ్చేసరికి బిడ్డ లేదట. "నీ మొఖం చూసే మొఖం నాకు లేకుండె," అన్నాడు. అన్ని వందల ఎపిసోడ్లలో తిట్లకూ బెదిరింపులకూ తప్ప వాడని మా భాషలో, ఆ రోజు ఒక మనిషి ఏడ్చాడు. సాగదీయలేదు. ఒక్క పలుకు అటూ ఇటూ పోలేదు. నాయినమ్మ వింటే కిరాయి మాట అనేది కాదు. మా దిక్కు మనిషెవరో ఆ ఒక్క ఎపిసోడ్ రాసి ఉండాలనీ, రాసేవాళ్ళలో మనవాళ్ళూ ఉండొచ్చనీ అప్పుడు మొదటిసారి అనిపించింది. చివరికి జానకి లోపలికి తిరిగి, చెంబుతో నీళ్ళు తెచ్చి అతని కాళ్ళ మీద పోసింది. ఓనరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. నాకు ఒళ్ళు మండింది. మధ్యాహ్నం నేను చెప్పిందంతా ఈ మనిషి అర్ధగంటలో చెడగొట్టాడు. మా అత్త మాట నెగ్గింది.

మర్నాడు పొద్దున ఫోన్ చేశాను.

"వచ్చిండా?" అంది అత్త, పలకరింపు లేకుండా.

"వచ్చిండు. జానకి నీళ్ళు తెద్దామని లోపలికి మర్రంగనే, దర్వాజ పక్క గూట్లె ఉన్న ఇంటి కాయితాలు తీస్కొని పోయిండు."

"ఏమన్న మాట్లాడిండా?"

"ఏం మాట్లాడలే."

"ఏం మాట్లాడలేదా?"

"ఒక్క ముక్క గూడ మాట్లాడలే అత్తా. నేను చెప్పలేదా నీకు, వాని లోపల ఏం లేదని?"

"సరే తియ్యి," అని అత్త ఫోన్ పెట్టేసింది. నేను టెంటుకు పోయాను. ఆ రోజు కూడా బాగానే మాట్లాడానని గుర్తు.

అబద్ధానికి కాలం కూడా కలిసొచ్చింది. తర్వాతి ఎపిసోడ్‌లోనే పాత కేసులో భిక్షపతిని పోలీసులు పట్టుకుపోయారు. వంతు మారి మా ఊరికి సాయంత్రం కరెంటు వచ్చేసరికి అతను జైల్లో ఉన్నాడు. నేను చెప్పిన దొంగతనానికి అది సరిగ్గా అతికింది. మా మామ మాత్రం నేను అట్లా చెప్పిన నాలుగో రోజే వచ్చాడు. బస్సులు లేవు కనుక సగం దూరం ఏదో లారీలో, సగం దూరం నడిచి వచ్చాడట. నాయినమ్మ ఫోన్ తీసుకొని నాతో తనే చెప్పింది, "వచ్చిండు. అరుగు మీద కూసున్నడు. మీ అత్త నీళ్ళియ్యలే. పొద్దుగూకినంక లేసి పోయిండు." ఆమె గొంతులో తప్పుపట్టడం లేదు, మెచ్చుకోవడమూ లేదు. నేను ఏమన్నానో గుర్తులేదు. బహుశా "మంచిగ చేసింది" అనే అని ఉంటాను, ఆ వయసులో అట్లాంటివే అనేదాన్ని.

మామ మళ్ళీ రాలేదు. రాష్ట్రం వచ్చిన రెండో ఏడు భూపాలపల్లిలో జ్వరమొచ్చి పోయాడు. అత్త చిట్యాల చుట్టాన్ని తోడు తీసుకొని పోయి మూడోనాడు తిరిగొచ్చింది. ఏం చూసిందో చెప్పలేదు, మేం అడగలేదు. నాయినమ్మ పోయింది. నేను లెక్చరరై, పెళ్ళి కూడా తప్పించుకోలేక చేసుకొని, మానుకోటలో ఇల్లు కట్టుకున్నాను. ఒక్క జిల్లాగా ఉన్న మా ఊర్లు ఇప్పుడు తలా ఒక జిల్లాలో ఉన్నాయి. ఇప్పుడు సినిమాలో హీరో మా భాష మాట్లాడతాడు, పిల్లలు ఈలలు వేస్తారు. మైకులో నేను అడిగిందంతా దాదాపు వచ్చేసింది. మా ముందటి అర్రలో టీవీ మూలకు పడింది, దాని మీద గుడ్డ కప్పారు. ఎవరి ఫోన్ వాళ్ళది, ఎవరి సీరియల్ వాళ్ళది, ఒకరు చూసింది ఇంకొకరు చూడరు కనుక కొట్లాడే పని లేదు. ఆ కొట్లాటలు పోయినందుకు బాధపడుతున్నానని రాయడం ఇట్లాంటి జ్ఞాపకాల్లో మర్యాద. కానీ ఆ కొట్లాటల్లో గెలవాలన్న దుగ్ధతో నేను ఏం చేశానో నాకు తెలుసు కనుక, ఆ రోజులు బంగారమని అనలేను. కొట్లాడే మనుషులుండటం వేరు, ఆ మనుషుల్ని ఓడించాలనుకోవడం వేరు. నాకు ఆ రెండూ ఒకటిగానే ఉండేవి.

మొన్న ఊర్లో ఆగిపోయినప్పుడు, నా అబద్ధం ముందే చెప్పేస్తే పోతుందని మొదటి రోజంతా అనుకున్నాను. అత్త దగ్గర కూర్చొని రెండుసార్లు గొంతు సవరించుకున్నాను కూడా. "పాతయెందుకత్తా, కొత్తయి మంచియి వస్తున్నయి, పెట్టిస్తా," అన్నాను. "కొత్తయి సగంల ఆగుతయి. ఇది ఒడిసింది, మొత్తం ఉన్నది," అంది. రెండో రోజు మధ్యాహ్నం బువ్వ తిన్నాక ఆమె పీటేసుకుంది, నేను పక్కనే చాప మీద కూర్చొని నాకు రాని చింతపండు పని చేస్తున్నాను. ఫోన్‌లో వాన మొదలైంది. జానకి దర్వాజలోకి వచ్చింది. భిక్షపతి మాట్లాడటం మొదలుపెట్టాడు. నేను ఫోన్‌ను చూడలేదు, అత్త చేతుల్ని చూశాను. అతను బిడ్డ జ్వరం దగ్గరికి వచ్చినప్పుడు ఆ చేతులు ఆగాయి. జానకి నీళ్ళు పోసేదాకా ఆగే ఉన్నాయి. తర్వాత, వేళ్ళకు చింతపండు అంటుకొని ఉంది కనుక, మణికట్టుతో ఫోన్‌ను నొక్కి ఆపింది.

"స్వరూపా."

"ఆఁ అత్తా."

"కాయితాలేయి?"

"లేవత్తా. కాయితాలు నేను కల్పిచ్చి చెప్పిన."

"ఎందుకు?"

ఈ ప్రశ్నకు పదిహేనేండ్లుగా నా దగ్గర చాలా సమాధానాలున్నాయి. మా భాష గౌరవం అన్నది ఒకటి. ఆ మామను నమ్మలేమన్నది ఒకటి. నీ మంచికే అన్నది ఒకటి.

"గెలువాలని."

"ఎవల మీద?"

"నీ మీద."

ఆమె ఒక గింజ తీసి పక్కన వేసింది. ఇంకొకటి తీసింది. తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఆనాడు మీ మామ వచ్చినప్పుడు చెంబు నా చేతులనే ఉండె," అంది. "గోలెం లోపలున్నది గద. ముంచాలంటే మర్రాలె. నేను మర్రలే."

"ఏమన్న ఎత్కపోతడనా?"

"ఏమున్నదే మనింట్ల ఎత్కపోతందుకు! నువ్వు 'ఏం మాట్లాడలే' అన్నవ్ సూడు, గదొక్కటి పట్టుకున్నది నన్ను. ఈనె గూడ గట్లనేనా, ఏమన్న చెప్తడా అని నిలబడ్డ. చెప్తే ముంచుకొద్దామని. బస్సులెప్పుడు నడుస్తయో అన్నడు. పల్లికాయ మంచిగ పండిందా అన్నడు. మీ బాపుకు బీపీ ఉన్నదా ఇంక అన్నడు. గంతే. లేసి పోయిండు."

"నేను గట్ల చెప్పకపోతే నీళ్ళిస్తుంటివి గదత్తా?"

"ఇస్తుంటి. కాళ్ళు కడుక్కొని లోపటికొస్తుండె. బువ్వ తింటుండె. ఏం చెప్పకుంటనే ఇంట్ల తిరుగుతుండె." గింజల్ని ఒక కుప్పగా దగ్గరికి తోసింది. "మంచిగుంటుండెనో, పాడుగుంటుండెనో నాకేమెర్క? ఉన్నంక తెల్సుకుంటుంటి. గా తెల్సుకునుడు మాత్రం నీతోని పోయింది."

ఇంతకాలం నేను ఎదురుచూసిన మాటలు రెండే. ఒకటి, నీ వల్లే అంతా నాశనమైందని. రెండోది, నీ వల్లేం కాలేదు పోనీలే అని. ఆ రెంటిలో దేనికైనా నేను జవాబు చెప్పగలను, వాదించగలను, కన్నీళ్ళు కూడా పెట్టుకోగలను. ఆమె ఆ రెండూ అనలేదు. పోయింది ఏదో, అది ఎంతో, సరిగ్గా అంతే చెప్పింది.

అత్త కొంగుతో చేతులు తుడుచుకొని ఫోన్‌ను మళ్ళీ నిటారుగా ఉప్పు డబ్బాకు ఆనించింది. వేలు గాలిలో ఆడిస్తూ ఎక్కడ నొక్కాలో వెతుక్కుంటోంది. నేను చేయి చాచి తర్వాతి ఎపిసోడ్ పెట్టాను. పేర్లు పడుతున్నాయి. ఊరికే ఉండలేక, పాత అలవాటు చొప్పున, "ఇగ తెల్లారి పోలీసులు..." అని మొదలుపెట్టాను.

"నువ్వు జెప్పకు," అంది అత్త, తెర మీంచి కండ్లు తిప్పకుండా. "నేను చూస్కుంట."